ఇరవై ఆరున్నర గంటల మహాసంగ్రామం

వినండి, చెవులొగ్గి వినండి! వరంగల్లు రాజమార్గానికి ఉత్తరదిశగా, మెట్రో స్తంభాల నీడన అహోరాత్రాలూ వాహనసముద్రం పొంగిపొరలే ఉప్పల్ కూడలికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, కార్ఖానాల సైరన్లు మూడు పూటలా వేళలు చాటే నాచారమనే నగరోపకంఠంలో, కొళాయి నీరు దినం విడిచి దినం దర్శనమిచ్చే ఒకానొక పుణ్యవీధిలో, అలకనంద అపార్టుమెంట్సు అనబడే పంచతల ప్రాసాదం అడుగున ఉన్న సెల్లారులో, ఆషాఢ బహుళ తదియ శుక్రవారం నాడు, అపరాహ్ణం మూడు గంటల నలభై నిమిషాలకు, ఒక మహాసంగ్రామం పుట్టింది. రథగజతురగపదాతులేవీ లేవు. రెండు స్కూటీలనూ, మూడో అంతస్తు వాళ్ళ పాత ఫ్రిజ్జునూ గోడవారకు జరిపారంతే. ఆయుధాలంటారా, పదహారు కోలాటం కర్రలు, ఎనిమిది రంగుల తాళ్ళు, ఒక భూగోళం, మూరెడు పూలదారం. ఓడితే పోయేది రాజ్యం కాదు. కానీ ఓడినవాణ్ణి అడిగి చూడండి, రాజ్యం పోయినా బాగుండేదంటాడు.

ఈ కథకు నాయకుడు కామరాజు. సమయసారణీసార్వభౌముడు, నిర్గమనాగమననిర్ణయధురంధరుడు, జంక్షన్‌జాలజటిలమార్గకోవిదుడు, అరవై ఎనిమిదేళ్ళ వయస్సు, కుడి మోకాలికి పట్టీ. పాలకొల్లు దగ్గర పుట్టి, రైల్వేలో టైంటేబుల్ విభాగంలో ముప్పై నాలుగేళ్ళు కూర్చుని, ఏ బండి ఏ స్టేషనులో ఎన్ని నిమిషాలు ఆగుతుందో పుస్తకం చూడకుండా చెప్పి, రిటైరై, నాలుగో అంతస్తులో స్థిరపడ్డాడు. ఒకప్పుడు అలకనందలో ఎవరు ఊరెళ్ళాలన్నా ముందు ఆయన తలుపు తట్టేవారు. 'టైంటేబుల్ గారు' అని పిలిచేవారు. తర్వాత ఇంటింటికీ ఫోనొచ్చింది, ఫోనులో బండ్లన్నీ వచ్చాయి, తలుపు తట్టడం ఆగిపోయింది. ఆరేళ్ళయింది ఆయన్ని ఎవరైనా ఒక బండి గురించి అడిగి. ఆ బాధ పైకి చెబితే నవ్వుతారు, చెప్పకపోతే నిద్ర పట్టదు.

ఒక్క మనిషి మాత్రం ఆయన్ని ఇంకా అడుగుతుంది. ఆవిడ ఆయన స్వంత అక్క, డెబ్బై ఒక్క ఏళ్ళ మంగతాయారు. ఊళ్ళో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరై, పెన్షను పుచ్చుకుంటూ, తమ్ముడికి దగ్గరగా ఉంటుందని గ్రౌండు ఫ్లోరులో ఒక గది తీసుకుని ఉంటోంది. డ్రిల్లు మానలేదు. అపార్టుమెంటు ఆడవాళ్ళను ఏడుగుర్ని పోగుచేసి, రోజూ సెల్లారులో విజిలు ఊది కోలాటం నేర్పింది. అందులోనూ జడకోలాటం. పైన కొక్కేనికి ఎనిమిది తాళ్ళు కట్టి, నలుగురు కుడికీ నలుగురు ఎడమకీ ఒకర్నొకరు దాటుకుంటూ అడుగులేస్తే తాళ్ళు జడగా అల్లుకుంటాయి. అల్లడం ఎనిమిదిమందికీ వచ్చు. విప్పడానికి ఎదురడుగులు ఎప్పుడు మొదలెట్టాలో మంగతాయారు కేకేస్తేనే తెలుస్తుంది. ఆవిడ లేకపోతే ఆ జడ జన్మలో విడిపోదు.

ఇలా ఉండగా, సప్తసముద్రాల అవతల న్యూజిలాండులో ఆక్లాండు నగరపు తెలుగు సంఘం వారు తమ వార్షికోత్సవానికి రమ్మని ఈ అష్టవీరవనితలకు కబురంపారు. వీసాలు ఎనిమిదీ వచ్చాయి. ఉప్పల్లో ట్రావెల్సు నడిపే గిరిప్రసాద్ టిక్కెట్లు అట్టే పెట్టి, "శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు లిస్టు మూస్తున్న. ఎనిమిది పేర్లు ఖాయం చేయండి. ఆరు దాటితే నా చేతిల లేదు" అని చెప్పాడు. ఏడు పేర్లు ఖాయమయ్యాయి. ఎనిమిదోది మంగతాయారుది.

ఆవిడకొక నియమం ఉంది. కదిలే బండిలో ముద్ద ముట్టదు. ఎక్కబోయే ముందు ఇంటి డబ్బా విప్పి ఇంత పెరుగన్నం తింటుంది, దిగాల్సిన ఊళ్ళో దిగాక మళ్ళీ తింటుంది. నడుమ ఎన్నిచోట్ల ఆగినా ప్రయాణం ప్రయాణమే, మంచినీళ్ళే. రైల్లో అది చెల్లింది. విమానం సంగతి వచ్చేసరికి సెల్లారు మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని తమ్ముణ్ణి పిలిపించింది.

"ఒరేయ్ కామూ, ఏకాదశి ఉపవాసం ఉన్నట్టు ఒక పగలూ ఒక రాత్రీ ఉండగలను. ఇరవై నాలుగు గంటలు. అది దాటితే ఈ వయసులో నా వల్ల కాదు. అక్కడ దిగి, కర్ర పట్టుకోబోయి దబ్బున పడ్డాననుకో, ఎనిమిదిమంది పరువూ పోతుంది. ఎన్ని గంటలో నువ్వు చెప్పు. వెళ్ళమంటే వెళతాను. వద్దంటే మానేస్తాను."

విజయశ్రీ నోరు నొక్కుకుంది. రెండో అంతస్తు విజయశ్రీ ఈ దండుకు ఉపనాయకురాలు, టిక్కెట్ల బాధ్యత ఆమెదే. "అక్కా, ఫోన్ల సాఫ్‌గ రాసున్నది గదా! ఇరవై గంటలు. గిదో, సూడుండ్రి."

"నీ ఫోనే కదమ్మా, మొన్న ఈ పక్క చెంగిచెర్లకి పద్దెనిమిది నిమిషాలంది? ఉప్పల్లో క్రికెట్ మ్యాచి ఉందని దానికి తెలియనే లేదు. గంటా నలభై నిమిషాలు ఆటోలో ఉడికిపోయాం. చెంగిచెర్లే తెలియనిదానికి ఆక్లాండు తెలుస్తుందా?"

విజయశ్రీ ఫోను కొంగులో దోపుకుంది. టిక్కెట్ల వివరాలు అచ్చేసిన కాగితం తీసి కామరాజు చేతికిచ్చింది.

ఆహా, ఆ క్షణం! ఆరేళ్ళుగా ఎవరూ ఇవ్వని వేళల కాగితం, నిర్గమనమూ ఆగమనమూ పక్కపక్క గళ్ళలో, చేతికి రాగానే ఆ వృద్ధవీరుని వెన్ను నిటారైంది, కళ్ళజోడు ముక్కు కొన నుండి స్వస్థానానికి చేరింది, కంఠంలో ముప్పై నాలుగేళ్ళ గాంభీర్యం తిరిగొచ్చింది. టైంటేబుల్ చేతికొస్తే ఆయన భాషే మారిపోతుంది. ఇంట్లో వాళ్ళకి అలవాటే, సెల్లారుకు కొత్త.

"ఓ కోలాటవీరవనితలారా, ఆలకింపుడు! ఫోనులు పలుకును, పొరబడును. గణితము పలుకదు, పొరబడదు. శకటమేదైననేమి, భూచరమైననేమి, ఖేచరమైననేమి, ఆగమనకాలమునుండి నిర్గమనకాలమును తీసివేయగా మిగిలినదే ప్రయాణకాలము! హైదరాబాదు నుండి నిర్గమనము ఉదయము పదకొండు గంటలు. ఆక్లాండునకు ఆగమనము మరునాడు మధ్యాహ్నము ఒంటిగంటన్నర. పదకొండు నుండి పదకొండునకు ఇరువదినాలుగు. ఆపై రెండున్నర. వెరసి ఇరువదియారున్నర గంటలు!"

పైనెక్కడో కుక్కరు మూడు కూతలు కూసింది. మంగతాయారు తన రెండు కర్రలనూ కొంగుతో తుడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇరవై ఆరున్నరా? సరే అయితే. నన్నొదిలేయండమ్మా. మీ ఏడుగురూ వెళ్ళిరండి."

"ఏడుగురం పోయి ఏం జేస్తమక్కా?" అంది విజయశ్రీ. "నలుగురు గిటు, ముగ్గురు గటు తిరిగితె జడైతదా? మొత్తం చిక్కు పడతది. నువ్వు రాకుంటె ఎవ్వరం పోము. ఆడ స్టేజీ మీద మన పేరు రాసి పెట్టుకున్నరు. ఇజ్జత్ పోతది."

సరిగ్గా అప్పుడు మెట్ల వైపు నుండి ప్రతివీరుడు ప్రవేశించాడు. అతడు విజయశ్రీ భర్త బసవరాజు. భూమండలరేఖాలేఖనచతురుడు, అక్షాంశరేఖాంశరహస్యవేది, ఉప్పల్లో పటాలు గీసే సర్కారు ఆఫీసులో నలభై ఏళ్ళు సిరాతో నదులు గీసి రిటైరైనవాడు, స్వస్థలం భువనగిరి దగ్గర. చంకలో అడుగు వెడల్పు భూగోళం, అంటార్కిటికా దగ్గర సొట్ట. మరో చేతిలో పూజగది నుండి తెచ్చిన పూలదారం.

"రాజన్నా, జర ఆగు," అంటూ భూగోళాన్ని ఫ్రిజ్జు మీద ప్రతిష్ఠించాడు. "దునియా గుండ్రంగున్నది. దూరం దెల్వాల్నంటె గీ గుండు మీద దారం ఏసి సూడాలె." అని, దారం ఒక కొసను హైదరాబాదు మీద బొటనవేలితో అదిమి, రెండో కొసను బిగలాగి ఆక్లాండు మీదకు చేర్చి, ఆ దారాన్ని స్కేలు మీద పరిచాడు. "ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు. అంటె పదకొండు వేల ఏడు వందల కిలోమీటర్లు. ఇమానం గంటకు ఎనిమిదొందల యాభై గుంజుతది. పద్నాలుగు గంటలనుకో. సింగపూర్ల ఐదు గంటలు ఆగుతది. అయ్యింది పంతొమ్మిది. నీ ఇరవై ఆరున్నర యాడికెల్లి వచ్చిందన్నా?"

సేనలు రెండుగా చీలిపోయాయి. విజయశ్రీ పక్షాన ఆరుగురు నిలిచారు. కామరాజు పక్షాన మంగతాయారు ఒక్కతే కూర్చుంది, కుర్చీ ఆవిడది కాబట్టి.

"బసవరాజుగారూ!" అని గర్జించాడు కామరాజు. "విమానము దారము మీద నడచునా? దూరమును వేగముచే భాగించుట బడిపిల్లల పని! కాజీపేట ఎంత దూరము, ఎంత వేగము? ఆ లెక్కన చేరిన బండి నొక్కదానిని చూపుడు! సిగ్నలు కలదు, క్రాసింగు కలదు, మార్గమధ్య విలంబము కలదు! అచ్చువేసిన వేళయే ప్రమాణము!"

"అచ్చేసిందె గదా నేను గూడ అంటున్నది. గా ఒంటిగంటన్నర ఆడి టైమన్నా. మనది గాదు."

"ఉప్పల్లో కొన్న టిక్కెట్టు మీద ఆక్లాండు టైమెందుకు వేస్తారండీ? కాజీపేటకి టిక్కెట్టు కొంటే కాజీపేట గడియారం చూసి వేస్తారా?" అన్నాడు కామరాజు, వాదన వేడిలో గ్రాంథికం మరిచిపోయి.

"కాజీపేటకు వేరే టైము యాడుంటదన్నా?"

"లేదు కదా! నేననేదీ అదే!"

బసవరాజు భూగోళాన్ని అరచుట్టు తిప్పాడు. ఎక్కడో మెలిక పడిందని ఆయనకు తెలుస్తూనే ఉంది, అది ఎక్కడన్నదే పట్టు చిక్కడం లేదు. సుదీర్ఘ ఉద్యోగజీవితంలో ఒకే గడియారంతో దేశమంతా బండ్లు నడిపించిన మనిషితో వాదించడం తేలిక కాదు. కామరాజుకు అమెరికాలో మన పగలు రాత్రవుతుందని తెలియక కాదు. కానీ టిక్కెట్టంటూ ఒకటి అచ్చయ్యాక, అందులో ఒక గడిలో ఒక దేశపు టైమూ పక్క గడిలో ఇంకో దేశపు టైమూ వేసేంత అరాచకం భూప్రపంచంలో ఉంటుందని ఆయన ఊహించలేకపోయాడు.

మంగతాయారు చెయ్యెత్తింది. "బసవరాజుగారూ, మీ మాట కాదనడం కాదు. ఫోను ఇరవై అంది, మీరు పంతొమ్మిదన్నారు. మీకూ మీకే కుదరలేదు. నలభై ఏళ్ళుగా మా వాడు చెప్పిన బండి కోసం నేను ఏ ప్లాట్‌ఫారం మీదా వృథాగా నిలబడలేదు. వాడు ఇరవై ఆరున్నర అన్నాడంటే అంతే. ఇక వదిలేయండి."

యుద్ధం ముగిసింది. కామరాజు గెలిచాడు. గెలిచినవాడు లిఫ్టులో పైకి పోతూ, గ్రిల్లు సందులోంచి ఒకసారి కిందకి చూశాడు. అక్క కుర్చీ మీద నిలబడి కొక్కేనికి కట్టిన తాళ్ళు విప్పుతోంది. "ఆకుపచ్చది కొత్తగా కొన్నానే విజయశ్రీ," అంటోంది. "ఉప్పలంతా తిరిగితే ఒక్క కొట్లో దొరికింది. నువ్వుంచుకో, బట్టలారేసుకోవచ్చు." ఆ మాట వినగానే కామరాజు గుండె చివుక్కుమంది. ఎన్నేళ్ళొచ్చినా అక్కకి విమానం ఎక్కాలని ఎంత మోజుగా ఉందో అప్పుడు తెలిసింది, తెలిసి ఏం లాభం, లెక్క లెక్కే కదా.

నాలుగో అంతస్తులో ఆయన ధర్మపత్ని కమలకుమారి టీ పెడుతోంది. సంగతంతా విని, గరిటె పక్కన పెట్టి, అత్యంత సామాన్యమైన ప్రశ్న ఒకటి అడిగింది.

"ఎలాగూ మీరు లెక్కలు కట్టారు కాబట్టి అడుగుతున్నా. తిరుగు ప్రయాణం ఎంతసేపండీ? పోనీ ఇంకెవరైనా వెళితే, వచ్చేసరికి వాళ్ళకేదైనా వండి పెట్టొద్దూ?"

విజయగర్వంతో కామరాజు కాగితం రెండో వైపు తిప్పాడు. ఆక్లాండు నుండి నిర్గమనం ఉదయం పది. హైదరాబాదుకు ఆగమనం అదే రోజు రాత్రి పదకొండున్నర. తీసివేశాడు. పదమూడున్నర. మళ్ళీ తీసివేశాడు. పదమూడున్నరే.

వెళ్ళేటప్పుడు ఇరవై ఆరున్నర. వచ్చేటప్పుడు పదమూడున్నర. అవే ఊళ్ళు, అదే సింగపూరు, అదే హాల్టు. అప్ బండికీ డౌన్ బండికీ పదమూడు గంటల తేడా!

హా! ముప్పై నాలుగేళ్ళలో ఆయన ఇలాంటిది చూడలేదు. అప్‌కీ డౌన్‌కీ పది నిమిషాలు తేడా ఉండొచ్చు, ఎగువ మార్గమైతే అరగంట ఉండొచ్చు, ఒంటిలైను మీద ఎదురుబండికి దారిస్తే గంట ఉండొచ్చు. పదమూడు గంటలా? ఆకాశంలో కొండలెక్కే ఘాటు సెక్షను ఉందా? వెనక నుండి నెట్టడానికి ఇంకో ఇంజను తగిలిస్తారా? మేఘాల మధ్య ఎదురు విమానానికి దారివ్వడానికి పదమూడు గంటలు నిలబెడతారా? ఒక్కొక్క కారణాన్నీ పిలిచి, నిలదీసి, పంపేశాడు. ఏ ఒక్కటీ నిలబడలేదు.

"టీ తీసుకోండి, వంటింట్లో ఐదు ముప్పావయింది, చల్లారిపోతోంది," అంది కమలకుమారి.

"ఐదున్నర దాటి ఐదే నిమిషాలు కదా!" అన్నాడాయన హాలు గడియారం చూస్తూ.

"వంటింటిది పది నిమిషాలు ముందుంటుందని ఎన్నిసార్లు చెప్పాలండీ? ముందు పెట్టుకోకపోతే ఈ ఇంట్లో ఏ పనీ వేళకి అవదు. హాల్లోంచి వంటింట్లోకి రావడానికి పది నిమిషాలు పట్టినట్టు చూస్తారేం?"

కామరాజు కాగితం దించి, హాలునూ వంటింటినీ మార్చి మార్చి చూశాడు. హాల్లో ఐదూ ముప్పై ఐదుకు బయలుదేరి వంటింట్లో అడుగుపెడితే ఐదూ నలభై ఐదు. వంటింట్లోంచి తిరిగి హాల్లోకొస్తే మళ్ళీ ఐదూ ముప్పై ఐదే. వెళ్ళేటప్పుడు పది నిమిషాలు ఎక్కువ, వచ్చేటప్పుడు పది నిమిషాలు తక్కువ. ఆక్లాండు వంటిల్లు! రెండు గడులలో రెండు గడియారాలు! రానూ పోనూ కలిపితే నలభై గంటలు, అందులో ముందుకు పోయినదీ వెనక్కి వచ్చినదీ ఒకదాన్నొకటి మింగేస్తాయి, కాబట్టి ఒక్కోవైపు ఇరవై. తేడా పదమూడులో సగం ఆరున్నర. అక్కడి గడియారం మనకంటే ఆరున్నర గంటలు ముందుంది. ఫోను చూడకుండా, దారం పట్టకుండా, అప్‌నూ డౌన్‌నూ ఎదురెదురుగా నిలబెట్టి సత్యాన్ని పిండేశాడు. ఏ మాటకామాటే, లెక్క బ్రహ్మాండంగా ఉంది.

కానీ ఆ లెక్క ఆయన్నే ఓడించింది.

ఇక్కడ అసలు యుద్ధం మొదలైంది, సెల్లారులో జరిగింది ఉత్త రిహార్సలు. ఎవరికీ తెలియదు. అక్క నమ్మేది తననే, బసవరాజు నోరు ఆల్రెడీ మూతపడింది, ఇంకో పాతిక నిమిషాలు ఈ కుర్చీలో కూర్చుని టీ తాగితే లిస్టు మూసేస్తారు, 'టైంటేబుల్ గారు' అన్న పేరు నిలిచిపోతుంది. లేచి కిందకెళితే? ఉన్న ఒక్క మనిషి నమ్మకమూ పోతుంది. బండి గురించి ఇక అడిగేవాళ్ళే ఉండరు. అహంకారం ఒక చెవిలో శంఖం ఊదింది. రెండో చెవిలో ఆకుపచ్చ తాడు కొన్న మనిషి గొంతు వినిపించింది. కళ్ళు మూసుకున్నాడు. ఇంతకంటే రైలు కింద పడటమే నయమనిపించింది ఆ క్షణంలో, నిజంగానే.

"ఏమైందండీ, మొహం అలా పెట్టారు?"

"కమలా, నా లెక్క తప్పు."

"నాకు చెబితే విమానం ఎక్కేది నేనా? కిందకెళ్ళి చెప్పండి," అంది ఆవిడ, టీకప్పు చేతిలోంచి తీసుకుంటూ.

ఫోను చేస్తే విజయశ్రీది ఎంగేజి. మంగతాయారు కోలాటం వేళ ఫోను దగ్గరుంచుకోదు. గుమ్మం దాటాడో లేదో, వీధిలో ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మంది, కరెంటు పోయింది, లిఫ్టు రెండో అంతస్తు దగ్గర త్రిశంకులోకంలో ఆగింది. అంతట ఆ జీర్ణజానువు, ఆ పట్టీబద్ధదక్షిణపాదుడు, రెయిలింగును ఎడమచేత బిగించి, కాగితాన్ని కుడిచేత ఎత్తిపట్టి, డెబ్బై రెండు మెట్ల దుర్గావరోహణానికి ఉపక్రమించాడు. మూడో అంతస్తులో ఎవరో ఆరబెట్టిన గొడుగు దారికడ్డమొచ్చింది, దాటాడు. రెండో అంతస్తులో చెప్పుల స్టాండు ఎదిరించింది, దాన్నీ ఒరుసుకుని పోయాడు. ఒకటో అంతస్తులో మోకాలు మొరాయించింది. "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని దానికి నచ్చజెబుతూ, ఐదూ నలభై తొమ్మిదికి సెల్లారులో అడుగుపెట్టాడు. ఆడవాళ్ళు అప్పుడే విడిపోతున్నారు. బసవరాజు భూగోళాన్ని చంకలో పెట్టుకుంటున్నాడు.

"ఓ కోలాటవీర..." అని మొదలెట్టాడు కామరాజు. ఆ భాష ఎక్కడికి పోయిందో పోయింది. అక్క ఎదుటికి వెళ్ళి నిలబడి, తల వంచుకున్నాడు.

"అక్కయ్యా, నేను తప్పు చెప్పాను."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసింది. మొదట అర్థం కాలేదు.

"వెళ్ళేటప్పుడు ఇరవై ఆరున్నర వచ్చింది, వచ్చేటప్పుడు పదమూడున్నర వస్తోంది. అప్‌కీ డౌన్‌కీ అంత తేడా ఉండదు. రానూ పోనూ నలభై, ఒక్కోటీ ఇరవై. వాళ్ళ గడియారం మనకంటే ఆరున్నర గంటలు ముందు. బసవరాజుగారు చెప్పిందే నిజం, ఆ ఒంటిగంటన్నర మనది కాదు. ఇరవై గంటలే అక్కయ్యా. నువ్వెళ్ళొచ్చు."

ఫోను చెప్పిందీ ఇదే, మొగుడు మొత్తుకుందీ ఇదే అని విజయశ్రీ అనబోయి, ఆయన మొహం చూసి ఊరుకుంది.

"ఒరేయ్," అంది మంగతాయారు నెమ్మదిగా, "నీ నోటమ్మట 'తప్పు' అన్న మాట నేను ఈ అరవై ఎనిమిదేళ్ళలో వినలేదు. చిన్నప్పుడు ఊరగాయ జాడీ పగలగొట్టినప్పుడు కూడా పిల్లి మీద పెట్టావు. అలాంటివాడివి మెట్లు దిగొచ్చి చెబుతున్నావంటే ఇక ఆ లెక్కకి తిరుగులేదు. విజయశ్రీ, పేరు రాయించవే!"

రాయించడమంటే మాటలా! ఐదూ యాభై రెండు. విజయశ్రీ గిరిప్రసాద్‌కు ఫోను చేసింది, ఎంగేజి. ఆ ఎంగేజి చూసి బసవరాజు చేశాడు, ఎంగేజి. మిగతా ఆరుగురూ తలో ఫోనూ తీశారు. ఎనిమిది ఫోనులు ఒక్కసారిగా ఉప్పల్ మీద విరుచుకుపడ్డాయి. ఎవరికి వారికే ఎంగేజి. ఐదూ యాభై ఐదు. "అయ్యొ, ఇంకెవల్తోని మాట్లాడుతుండు వీడు!" అని విజయశ్రీ నెత్తి కొట్టుకుంది.

అప్పుడు, ఎంగేజి మోతల మధ్య, ఆ సెల్లారు చీకట్లో, కామరాజు కళ్ళలో మెరుపు మెరిసింది. ఓడిన నాయకుడు చెయ్యెత్తాడు. పోయిన కంఠం తిరిగొచ్చింది.

"ఆపండి! అందరూ ఆపండి! అతను ఎవరితోనూ మాట్లాడటం లేదు, మీరే ఒకరికొకరు అడ్డం పడుతున్నారు! ఒంటిలైను మీద ఒక్కటే బండి నడవాలి! మిగతావన్నీ పక్కన లూపులైన్లో పెట్టండి!"

ఏడు ఫోనులు కొంగుల్లోకీ జేబుల్లోకీ పోయాయి. విజయశ్రీ ఒక్కతే నొక్కింది. మోగింది. ఎత్తాడు.

"మేడమ్, మీ అపార్ట్‌మెంట్ మీద ఏమన్న పిడుగు పడ్డదా? ఇరవై మిస్డ్ కాల్స్! ఏందీ, ఎనిమిదా? మంగతాయారా? స్పెల్లింగ్ జెప్పండి జల్ది. ఆఁ, ఆఁ. అయిపోయింది, ఎక్కిచ్చిన. టైము సూస్కోండి, ఐదూ యాభై ఎనిమిది. ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమైతె నేనేం జేస్తుంటి?"

సెల్లారు దద్దరిల్లింది. పదహారు కర్రలు కాదు గానీ పద్నాలుగు కర్రలు ఒక్కపెట్టున మోగాయి. కుర్చీలో కూర్చున్న మంగతాయారువి మాత్రం ఒళ్ళోనే ఉండిపోయాయి, ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. బసవరాజు వచ్చి కామరాజు భుజం మీద చెయ్యేశాడు.

"పోనీయన్నా, ఫికర్ జెయ్యకు. నేను గూడ పంతొమ్మిదన్న గదా. నా దారం గంట తప్పింది. నీది నిమిషం గూడ తప్పలే."

"తొలుత ఆరున్నర తప్పాను కదండీ?"

"గది పాత లెక్క. దాన్ని గంతగనం మనసుల పెట్టుకోకు."

కామరాజు ఛాతీ ఒక అంగుళం విశాలమైంది. ప్రతివీరుని నోటనే, ఒక పూర్తి గంట తేడాతో గెలిచినట్టు నిర్ధారణ అయింది. ఆయన గంభీరంగా దగ్గి, దీన్ని ఎవరైనా రాసిపెట్టుకుంటే బాగుండునన్నట్టు చుట్టూ చూశాడు.

అంతలో మంగతాయారు వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంటూ పిలిచింది. "కామూ, నేనక్కడ ఒంటిగంటన్నరకి దిగుతాను కదా. దిగీ దిగగానే భోజనం పెట్టేస్తామన్నారు వాళ్ళు. అది వాళ్ళ గడియారం. మన గడియారంలో అప్పుడెంత?"

"ఆరున్నర తీసేస్తే, పొద్దున ఏడు."

"ఏడా?" ఆవిడ కర్రలు పక్కన పెట్టింది. "పొద్దున ఏడింటికా? పొద్దున ఏడింటికి నాకు ఏనాడు ఆకలేసింది రా! బండెక్కే ముందు తినేది తప్పిస్తే, పన్నెండు దాటితే గానీ నేను ముద్ద ముట్టనే ముట్టను కదా. ఎలాగూ మన పన్నెండు దాకా ఆగేదాన్నే, ఇరవై ఆరున్నరైతే మాత్రం ఏమయ్యేది?"

ఎవరూ ఆయన వైపు చూడలేదు. బసవరాజు మర్యాదకి భూగోళాన్ని చూశాడు, విజయశ్రీ కొక్కేన్ని చూసింది.

ఇదీ కథ. ఇట్లు నాచారంలో, అలకనంద అపార్టుమెంట్సు సెల్లారులో, కరెంటు లేని సాయంకాలం, సమయసారణీసార్వభౌముడైన కామరాజు, ఎన్నడూ ఎవరికీ వేయబోని ఆకలిని నివారించుటకై, ఆరున్నర గంటల మహాశత్రువును అప్ డౌన్ అనెడు ఇరుగత్తులతో ఛేదించి, ఎనిమిదో పేరును ఎనిమిదో గడిలో నిలబెట్టి, గడువును రెండు నిమిషాల తేడాతో జయించాడు. రెండంటే రెండే నిమిషాలు. వాటిని ఎక్కడ వాడుకోవాలో ఎవరికీ తోచలేదు. జయం, జయం, జయం.